ఏడు తాంబూలాలు, ఒక ఒడి

నా కుడి చెవి కమ్మ ఎడమ చెవి కమ్మకంటే ఒక వడ్లగింజంత కిందికి ఉంటుంది. ఏ నగల అంగడికి పోయినా అక్కడి కంసాలి, మా కోయంబత్తూరు వైపు ఆసారి అంటాము, అద్దం తెచ్చి నా ముందర పెడతాడు. "ఎవురమ్మా కుట్టింది? చెయ్యి వణికినట్టుండాదే" అంటాడు. పూడ్చేసి మళ్ళీ కుట్టించుకోమంటాడు. కుట్టినవాడి చెయ్యి వణకలేదు, నేను కూర్చున్న ఒడి వణికింది అని చెప్తాను. మళ్ళీ కుట్టించుకునే ఉద్దేశం లేదని కూడా చెప్తాను. నా మొహం చూసి ఆయన అద్దం తీసేస్తాడు.

తొమ్మిదేళ్ళు నిండేదాకా నా చెవులు బోడివి. మా వైపు ఆడపిల్లకు ఏడాదిలోపు, ఆలస్యమైతే మూడో ఏటో ఐదో ఏటో చెవులు కుట్టేస్తారు. కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. మామ సీరు పళ్ళేలు పట్టుకుని రావాలి. పళ్ళు, బెల్లం, పూలు, కొత్త బట్టలు. ఆ ఒడి లేకపోతే ఆ వేడుకే లేదు. అందుకే బోడిచెవుల పిల్లను చూస్తే ఎవరికైనా ఒకటే తోచేది, దీనికి తల్లి తరఫున దిక్కులేదని. మిల్లు లైన్లలో ఆడవాళ్ళు ముద్దుచేస్తున్నట్టు నన్ను దగ్గరికి పిలిచి, చెవి తమ్మె పట్టుకుని చూసి, పెదవి విరిచి పంపేవారు. ఇప్పటికీ ఎవరైనా నా చెవి ముట్టుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మేనమామ లేక కాదు. నిక్షేపంలా ఉన్నాడు. సింగానల్లూరులో పత్తిగింజల మండీ పెట్టుకుని, తెల్ల చొక్కా మడత నలగకుండా కూర్చునేవాడు. మా అమ్మకు ఆయన ఒక్కడే అన్న. చిన్నప్పుడు అమ్మకు జ్వరం వస్తే భుజాన వేసుకుని పోదనూరు ఆస్పత్రిదాకా నడిచిన మనిషి. ఆ కథ అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివర్లో ఆయన్ని తిట్టేది.

అమ్మ అక్కడి మిల్లులోనే నూలు చుట్టే రీలింగులో పనిచేసేది. నాన్న పోదనూరు రైల్వేలో ఇంజను నడిపేవాడు. నాన్న తాత పట్టాలు వేయడానికి ఐర్లండు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన దొర, అవ్వ ఈరోడు పక్క తమిళావిడ. రైల్వే కాలనీలో అలాంటివాళ్ళను ఆంగ్లో ఇండియన్లు అంటారు, బయట వీధుల్లో అనే మాటలు వేరు. మిల్లుకు పోయే బస్సు రోజూ రైలు గేటు దగ్గర ఆగేది, ఇంజను మీద ఆయన ఉండేవాడు. మిగతాది నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు వచ్చినవి పిల్లికళ్ళు, మొక్కజొన్న పీచు రంగు జుట్టు, అమ్మ ముక్కు, అమ్మ కోపం.

ఇద్దరి వైపునా మమ్మల్ని గడపలోనే ఆపేశారు. రైల్వేవాళ్ళ క్లబ్బులో క్రిస్మస్ డాన్సుకు నాన్న ఒక్కడి పేరుమీదే కార్డు వచ్చేది. అమ్మ వాళ్ళ కుల సంగం పిల్లలకు పలకలు పంచిన రోజు నన్నూ వరసలో నిలబెట్టారు. ఇంటిపేరు అడిగారు. నాన్న ఇంటిపేరు చెప్పాను. పలకలు పంచే ఆయన దాన్ని రెండుసార్లు చెప్పించుకుని, నోరు తిరగక, నన్ను పక్కకు జరిపాడు. ఇంటికి వచ్చి ఏడిస్తే అమ్మ మొహం కడిగి, "ఆ సంగంలో మనకి చోటు లేదంటే మనమే ఒక సంగం పెట్టుకుంటాము, ఏడిచేది పోదుం" అంది. పోదుం అంటే తమిళంలో ఇక చాలని. మా ఇళ్ళలో తెలుగు మాట మధ్యలో తమిళం అలా వచ్చి కూర్చుంటుంది, ఎవరూ లేవమనరు.

అమ్మ ఏదీ ఊరికే మాటవరసకు అనదు. సంగం నిజంగానే పెట్టింది. తోడు దొరికింది బర్మా పెద్దమ్మ.

పెద్దమ్మ మిల్లు క్యాంటీనులో పప్పు వండేది. బర్మాలో పుట్టిన మనిషి. బియ్యం మిల్లు పనికి రంగూన్ పోయిన తెలుగాయన్ని పెళ్ళి చేసుకుని, యుద్ధం రోజుల్లో ఆయనతో అడవులన్నీ నడిచి ఈ దేశం వచ్చింది. వచ్చిన రెండో ఏడే ఆయన పోయాడు. ఆమె తెలుగు ఆయన దగ్గర నేర్చినదే. పేరు చెప్పి పరిచయం చేసుకున్న మొదటిరోజే అమ్మ గరిటె పట్టుకున్న ఆమె చెయ్యి పట్టేసుకుందట. ఆయన ఇంటిపేరూ అమ్మ పుట్టింటి ఇంటిపేరూ ఒకటే. ఇద్దరి కులదేవతా ఉడుమలైపేట దాటాక ఉండే ఆ అమ్మవారే. పెద్దమ్మ చెంపలకు గంధంలాంటి పసుప్పచ్చ ముద్ద పూసుకునేది, తలలో పువ్వులు పెట్టుకునేది. మొగుడు పోయినదానికి పువ్వులేమిటని ఎవరైనా అంటే, "పువ్వులు నేను పుట్టినప్పటినుంచి పెట్టుకుంటాండాను. మొగుడు మధ్యలో వచ్చినాడు" అనేది.

నెలకు రెండు ఆదివారాలు స్టేషను వెనక రేకుల షెడ్డులో సంగం కూడేది. ఆంగ్లో ఇండియన్ టైపిస్టును పెళ్ళి చేసుకున్న మిల్లు ఫిట్టరు, తెలుగు భార్య ఉన్న రైల్వే గార్డు, క్లారినెట్టు వాయించే గోవా ఆయన, ఇంకో మూడు కుటుంబాలు. మా సంగం చేసే పని చెప్తే నవ్వుతారు. చుట్టాలను అరువిచ్చేది. పేరంటానికి మేనత్త కావాలా, ఇక్కడినుంచి ఒకరు పోతారు. బడిలో చేర్చేటప్పుడు పెద్దమనిషి కావాలా, గార్డుగారు కోటు వేసుకుని పోతాడు. చావు ఇంట్లో పాడెకు భుజం పట్టేవాళ్ళు లేరా, ఫిట్టరు మామ మిల్లు మానేసి పోతాడు. రక్తసంబంధం వదిలేసిన చోటల్లా మావాళ్ళు పోయి నిలబడేవారు. కాగితమూ రసీదూ ఏమీ లేవు.

దానికి కలగూర సంగం అని పేరు పెట్టింది మా మేనమామే. మండీలో కూర్చుని నలుగురిలో అన్నాడు, "నాలుగు రకాల ఆకు పెరికి ఒక చట్టిలో వేసినట్టు, అదేం సంగం." ఆ మాట సాయంత్రానికి మా షెడ్డుకు చేరింది. మరుసటి ఆదివారం పెద్దమ్మ ములగాకు, తోటకూర, పొన్నగంటి అన్నీ కలిపి ఒక అండా కూర వండుకొచ్చింది. అప్పటినుంచి ప్రతి కూటానికీ అదే వంట, అదే పేరు. ఎవరైనా మీ సంగం పేరేమిటని అడిగితే మేము గొంతెత్తి చెప్పేవాళ్ళం.

నాకు తొమ్మిది నిండబోతుండగా అమ్మ పళ్ళెంలో ఆకూ వక్కా పళ్ళూ పెట్టుకుని అన్న ఇంటికి పోయింది. మా వైపు మేనమామను పిలవడం అంటే అదే. తాంబూలం అందుకుంటే ఒప్పుకున్నట్టు, ఇక ఆ ఒడి ఆయనదే. ఆయన చెయ్యి చాచలేదు. పళ్ళెం తిన్నె మీద పెట్టించి, మా అత్తతో వెనక్కి పంపించాడు. "నువ్వు వస్తే అన్నం పెడతాను. ఆ బిడ్డ నా ఒడిలో కూర్చోదు" అన్నాడట. అమ్మ అన్నం తినకుండా వచ్చేసింది.

నాన్న మంచి మనసుతోనే ఒక మాట అన్నాడు. ఆయన తెలుగు ఆయన ఇంజను లాంటిది, ఎక్కాల్సిన చోట మూలిగేది; రైల్వే కాలనీ అలవాటుగా ఎవరితో మాట్లాడినా చివర మెన్ అని తగిలించేవాడు. "రైల్వే హాస్పిటల్లో నర్సు ఉండాది. రెండు నిమిషాలు, ఫినిష్. ఎవురికీ తెలీదు, మెన్."

"ఎవురికీ తెలీకుండా కుట్టించుకునేకి మనం ఏమి దొంగిలించినాము?" అంది అమ్మ. "మా అమ్మవారి గుడిలోనే, పట్టపగలే, సీరుతోనే కుట్టిస్తాను."

సంగంలో అడిగితే ఒకరు వస్తారు, అంతే కదా అనిపిస్తుంది. కానీ మేనమామను కూటంలో చెయ్యి ఎత్తమని అడగరు. ఇంటికి పోయి తాంబూలం పెట్టి పిలవాలి. ఇక్కడే మా అమ్మ తప్పు చేసింది. ఒకసారి పళ్ళెం వెనక్కి వచ్చిన మనిషి ఆమె. ఇంకొకసారి వస్తే తట్టుకోలేదు. అందుకని ఒకరికి తెలియకుండా ఒకరికి, సంగంలో ఉన్న ఏడు ఇళ్ళకూ తాంబూలం ఇచ్చి వచ్చింది. ఆ ఏడింటిలో కొడుకులు లేని పెద్దమ్మ ఇల్లూ ఒకటి, ఇవ్వకపోతే చిన్నబుచ్చుకుంటుందని ఇచ్చింది. ఏడుగురిలో ఆరుగురు ఏదో సాకు చెప్తారు, ఒకరైనా నిలబడతారని ఆమె లెక్క.

ఒక్క పళ్ళెమూ వెనక్కి రాలేదు. ఇచ్చిన తాంబూలాన్ని తిరిగి అడిగే ఆచారం మాకు లేదు.

సాకు చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరని మాకు బస్టాండులో తెలిసింది. ఉడుమలైపేట బస్సు దగ్గరికి ఫిట్టరు మామ సీరు పళ్ళెంతో వచ్చాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. వెనకే గార్డుగారు నల్లకోటు, టోపీ, చేతిలో సీరు పళ్ళెం. గోవా ఆయన పళ్ళెంలో పళ్ళు పెట్టుకుని, చంకలో క్లారినెట్టు ఇరికించుకుని వచ్చాడు. ఆ తర్వాత వచ్చిన ముగ్గురిని చూసి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరున పెద్దమ్మ, బర్మా ఆడవాళ్ళు కట్టే కొత్త లుంగీ, తల నిండా మల్లెలు, అందరికంటే పెద్ద పళ్ళెం. ఏడుగురూ ఒకరి పళ్ళెం ఒకరు చూసుకున్నారు.

నాన్న టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "సెవెన్ బావమరుదులు నాకు. గాడ్ హెల్ప్ మీ."

బస్సంతా నవ్వులే. ఎవరు వెనక్కి తగ్గాలో దారిపొడుగునా వాదించుకున్నారు, ఎవరూ తగ్గలేదు. నేను కిటికీ దగ్గర కూర్చుని కొబ్బరితోపులు చూస్తూ, నాకు మామలు లేరన్న ప్రతి మొహాన్నీ గుర్తు చేసుకుంటున్నాను. ఆ రోజంత పొగరు నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

గుడి చిన్నది. ఆ రోజు ఆ ఇంటిపేరు వాళ్ళందరూ కూడే రోజు, కావాలనే అమ్మ ఆ రోజు ఎంచుకుంది. ఆ ఏడు గుడి పెత్తనం మా మేనమామ వంతు. మండపంలో తెల్లచొక్కాతో నిలబడి ఉన్నాడు. మేము వీధి మలుపు తిరిగి, ముందు క్లారినెట్టు, వెనక ఏడు పళ్ళేలతో వస్తుంటే, పొంగలి కలుపుతున్న ఆడవాళ్ళు గరిటెలు ఆపేశారు.

పూజారి ముసలాయన. అమ్మను చూసి, "ఆడబిడ్డ కూతురికి తండ్రి గుడిలో కద తల్లీ కుట్టించేది?" అన్నాడు.

"తండ్రి గుడిలో గంట ఉండాది సామీ, చెవులు కుట్టే ఆసారి లేడు" అంది అమ్మ.

ఎవరో నవ్వారు. పూజారి కూడా నవ్వు ఆపుకున్నాడు. "సరి, సరి. మామ ఎవురు, ముందరికి రాండి."

ఏడుగురూ ఒక అడుగు ముందుకు వేశారు.

ఈసారి గుడి గుడంతా నవ్వింది. పూజారి వేలు చూపించి లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టాడు. ఆ నవ్వు మధ్యలో మా మేనమామ మెట్లు దిగాడు. చెల్లెలి బిడ్డకు ఊరుగాని ఊరు వాళ్ళు ఏడుగురు మామలై వచ్చి, తాను స్తంభం దగ్గర నిలబడితే, ఆ నవ్వు ఎవరిమీద పడుతుందో ఆయనకు తెలిసింది. వచ్చి, కండువా దులిపి, పీట మీద కూర్చుని, ఒడి సర్దుకున్నాడు.

"దా బిడ్డా. కూర్చో" అన్నాడు నాతో.

ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. అమ్మ మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఆమె ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. నేను ఒక అడుగు వేశాను కూడా.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి అమ్మతో అన్నాడు, "వాండ్లని బయటికి పంపించు. మన గుడిలో ఈ కూటం ఏంటికి? నేనుండాను కద ఇంక."

నాకు వినపడింది. ఫిట్టరు మామకూ వినపడింది, ఆయన పళ్ళెం ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. గార్డుగారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, వెళ్ళిపోవడానికి సిద్ధమైన మనిషిలా. వాళ్ళకు అది అలవాటే. నాకు అదే భరించరానిదిగా తోచింది.

అమ్మ అన్న వైపు చూసింది, వాళ్ళ వైపు చూసింది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, "చెవులు నీవి. ఎవురి ఒడో నువ్వే చెప్పు" అంది.

నేను మా మేనమామ కళ్ళలోకి చూశాను. ఆయన కళ్ళు అమ్మ కళ్ళలాగే ఉన్నాయి. ఆయన్ని దాటి పోయి పెద్దమ్మ లుంగీ పట్టుకున్నాను.

పూజారి గాబరా పడ్డాడు. "ఆడమనిషి మామ ఎట్లా అయితాది? అందులో మొగుడు పోయిన మనిషి."

పెద్దమ్మ పళ్ళెం కింద పెట్టింది. "నా మొగుడు ఈ గుడి బిడ్డ సామీ. ఈ అమ్మవారి పేరు చెప్పుకుంటానే ఆ అడవులన్నీ నడిచినాడు. ఆయన ఉంటే ఈ బిడ్డకి వరసకి మామ. ఆయన లేడు, నేనుండాను. తాంబూలం నా చేతిలో పెట్టినారు, నేను తీసుకున్నాను. తీసుకోనోళ్ళు తప్పుకోవల్ల, నేను కాదు."

కంసాలి, ఆ ఊరి ముసలాయన, అప్పటికే నిప్పుల మీద సూది కాల్చుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "ఒడి ఏదైనా నాకు చెవి ఒకటే. బిడ్డ కదలకుండా ఉంటే సరి. ఎండ ఎక్కుతాంది" అన్నాడు.

మా మేనమామ లేచాడు. పీట ఖాళీ అయింది. పెద్దమ్మ కూర్చుని నన్ను ఒడిలోకి లాక్కుంది. ఆమె బట్టలకు పప్పు పోపు వాసన, చెంపలకు గంధం వాసన. ఎడమ చెవి కుట్టేటప్పుడు నేను అరవలేదు. మిగతా ఆరుగురు మామలూ చుట్టూ చేరి, ఆరు బెల్లం ముక్కలు ఒకేసారి నా నోటి ముందర పెట్టారు. కుడి చెవికి సూది తాకే సమయానికి పెద్దమ్మ ఏడవడం మొదలుపెట్టింది. శబ్దం లేదు, ఒళ్ళంతా కదిలిపోయింది. అప్పటిదాకా ఆమె ఒడిలో ఏ బిడ్డా కూర్చోలేదని నాకు తర్వాత అమ్మ చెప్పింది. సూది ఒక వడ్లగింజంత కిందికి దిగింది.

మా మేనమామ పొంగలి తినకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన మా ఇంటికి రాలేదు, మేము పోలేదు. దీన్ని గెలుపు అని చెప్పుకుంటే అబద్ధం చెప్పినట్టే. అమ్మ ఆయన్ని తిట్టడం మానేసింది. తిట్టడం మానేశాక జ్వరం కథ కూడా చెప్పలేదు. ఆ కథ పోయినందుకు నాకు బాధగా ఉంటుంది. ఆ ఒడి దాటినందుకు మాత్రం లేదు.

తిరుగు బస్సులో అందరూ అలసిపోయి కునుకు తీస్తున్నారు. ఖాళీ పళ్ళేలు సీట్ల కింద గలగలమంటున్నాయి. పెద్దమ్మ గార్డుగారి భుజం మీద తల వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అమ్మ కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. నాకు చెవులు సలుపుతున్నాయి. చేసింది తప్పేమోనని మొదటిసారి భయం వేసింది.

"అమ్మా, నేను మామ ఒడిలో కూర్చోని ఉండల్లనా?" అని అడిగాను.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, బస్సులో ఆ చివరినుంచి ఈ చివరిదాకా మనవాళ్ళందరినీ ఒకసారి చూసింది.

"నువ్వు కూర్చోని ఉంటే, ఇప్పుడు ఈ బస్సులో మనం ముగ్గురమే పోతాండము" అంది.